కోస్త గానీ చెరపను

ఫోటో సారు పోయిన ఆరో రోజున ఆయన బిడ్డ గద్వాల నుంచి బస్సెక్కి వనపర్తిలో మా షాపుకొచ్చింది. చేతిలో ఫోను, చంకలో ఒక పాత కాగితపు కవరు. మాది ఫ్లెక్సీల షాపు. పుట్టినరోజులు, గృహప్రవేశాలు, నాయకుల పండగ శుభాకాంక్షలు, చావులు అన్నీ మా దగ్గరే అచ్చవుతాయి. ఎవరు చావు ఫోటో తెచ్చినా ముందు "సైజెంత?" అని అడగడం నాకు అలవాటు. ఏడుపులు వింటూ కూర్చుంటే ఈ వ్యాపారం నడవదు. కానీ ఆ పిల్లను చూడగానే నా నోట్లోంచి ఆ మాట రాలేదు.

"అక్కా, నాయిన ఫోటో. పదకొండో దినానికి ఒక ఫ్లెక్సీ, ఇంట్ల గోడకు ఒక ఫ్రేము కావాలె" అంది.

జన్మంతా ఊళ్లకు ఊళ్లను ఫోటోలు తీసిన మనిషి. ఆయన ఫోటో మాత్రం ఇంట్లో ఒక్కటంటే ఒక్కటి లేదట. ఆధార్ కార్డు మీది బొమ్మ సంగతి చెప్పనక్కర్లేదు, అందులో ఎవరూ వాళ్లలా ఉండరు. వెతగ్గా వెతగ్గా పాన్‌గల్‌లో చుట్టాల పెళ్లిలో ఎవరో ఫోనుతో తీసిన ఫోటో ఒకటి దొరికింది. అందులో ఆయన మెడలో కెమెరా వేసుకుని, తల వెనక్కి వాల్చి నవ్వుతున్నాడు. కళ్లు రెండూ గట్టిగా మూసుకుపోయి ఉన్నాయి.

"కండ్లు తెరిపియ్యాలక్కా" అంది ఆ పిల్ల.

నేను ఆమె వైపే చూశాను.

"ఏంది గట్ల చూస్తవ్? నేను ఫోన్ల చేసిన, గిదిగో. ఒక్కటి ఒత్తితె అదే తెరిపిచ్చింది. ఫ్లెక్సీ సైజుకు పెంచితె మసక మసక అయితుంది. గందుకే నీ కాడికొచ్చిన. నీకు నిమిషం పని కదా?"

నిమిషం పనే. ఆ నిమిషం పని గురించే నేనూ ఆయనా ఏళ్ల తరబడి పోట్లాడుకున్నాం. ఆ సంగతి ఈ పిల్లకు తెలియదు. "ముందు కూర్చో చెల్లె, చాయ్ తాగు" అన్నాను. అన్నాక నాకే నవ్వొచ్చింది. జవాబు చెప్పడం ఇష్టం లేనప్పుడు ఎదుటివాళ్లకు చాయ్ తెప్పించడం నేను ఆయన దగ్గర నేర్చుకున్నదే.

గద్వాలలో అందరూ ఆయన్ని ఫోటో సారు అనేవాళ్లు. నాకు ఆయన పరిచయం కావడానికి కారణం మా అమ్మ. అంటే గోడ మీది అమ్మ. అసలు అమ్మ నాకు ఎనిమిదో నెల నడుస్తుండగానే పోయింది. బల్మూర్ దగ్గర పల్లెలో మా అమ్మమ్మ నన్ను పెంచింది. ఆ ఇంట్లో జొన్నల కుండల పైన గోడకు అమ్మ ఫోటో ఉండేది. నలుపు తెలుపు ఫోటో. రెండు భుజాల మీదుగా కొంగు కప్పుకుని కూర్చుని, సూటిగా చూస్తూ ఉంటుంది. బడిలో ఎవరు కొట్టారో, ఎవరితో పచ్చి అని మాటలు మానేశానో, లెక్కల్లో ఎన్ని మార్కులొచ్చాయో, అన్నీ ఆ ఫోటోకే చెప్పుకునేదాన్ని. ఇంటికొచ్చిన ప్రతి ఆడమనిషీ ఒకసారి ఫోటో వైపూ, ఒకసారి నా వైపూ చూసి, "అచ్చం తల్లి కండ్లే పో" అనేది. తోటి పిల్లలకు అమ్మలున్నారు, నాకు అమ్మ కళ్లున్నాయి అనుకుని గర్వపడేదాన్ని. చిన్నతనంలో దేనికైనా గర్వపడొచ్చు కదా.

అమ్మమ్మ పోయాక ఆ ఫోటోను వనపర్తి తెచ్చుకున్నాను. పన్నెండేళ్ల కింద ఒక వానాకాలం ఫ్రేముకు చెదలు పట్టాయి. మేకులు ఊడదీసి వెనక అట్ట తీసేసరికి, ఫోటో వెనక నాగర్‌కర్నూల్ స్టూడియో ముద్ర కనిపించింది. దాని కింద పెన్సిల్‌తో గుండ్రటి అక్షరాలున్నాయి.

"పక్కల పట్టుకున్న చేతులు రెండు ఉండె. కోసిన. కండ్లు మూసి ఉండె. ఇవి నేను వేసినవి."

మొదటిసారి చదివితే ఏమీ అర్థం కాలేదు. కూర్చున్న మనిషిని పక్కల నుంచి ఎవరు పట్టుకుంటారు, ఎందుకు పట్టుకుంటారు? రెండోసారి చదివాక అర్థమైంది. బతికుండగా ఫోటో లేని మనిషి చనిపోతే, పాడె కట్టకముందే టౌను నుంచి ఫోటో ఆయన్ని పిలిపించి, శవాన్ని గోడకు ఆనించి కూర్చోబెట్టి తీయించడం ఆ రోజుల్లో మా వైపు మామూలే. ఎవరి ఇంట్లోనో అలా తీశారని కథలు కథలుగా విన్నాను. మా ఇంట్లో కూడా అంతేనని నాతో ఒక్కరూ అనలేదు. అంటే నేను ఇన్నేళ్లూ కబుర్లు చెప్పింది ఎవరి కళ్లకు? కోపమొచ్చిందంటే అలాంటి ఇలాంటి కోపం కాదు.

నాగర్‌కర్నూల్ వెళ్లి వాకబు చేస్తే, ఆయన ఎప్పుడో స్టూడియో మూసేసి అత్తగారి ఊరు గద్వాల చేరాడన్నారు. ఫోటోను తువాలలో చుట్టుకుని వెళ్లాను. భార్య వాళ్లది నేత ఇల్లు. ముందు గదిలో స్టూడియో, వెనక గదిలో మగ్గం. ఆయన ఏదో పెళ్లి ఫోటో ముందు వంగి కూర్చుని ఉన్నాడు. చేతుల్లో రెండు నల్ల అట్టముక్కలు, వడ్రంగుల మూలమట్టంలా ఎల్ ఆకారంలో కోసినవి. వాటిని ఫోటో మీద ఎదురెదురుగా పెట్టి అటు జరిపీ ఇటు జరిపీ చూస్తున్నాడు. నేను తువాల విప్పి ఫోటో ఇచ్చాను. ఆయన బొమ్మ వైపు చూడనే లేదు. వెంటనే వెనక్కి తిప్పాడు. చదివాడు.

"చదివినవా బిడ్డా?" అన్నాడు. "ఎన్నో ఫోటోల ఎనక రాసిన. ఒక్కరన్న చదివి నా కాడికి వస్తరా అనుకున్న. ఇన్నేండ్లకు వచ్చినవ్."

"వచ్చింది మెచ్చుకోవడానికి కాదు సారూ. ఎవరి కండ్లు ఇవి?"

ఆయన తలెత్తి నన్ను చూశాడు. ఎడమ కన్ను కుడిదానికన్నా చిన్నగా ఉంటుంది ఆయనకు. నలభై ఏళ్లు కెమెరాకు కుడి కన్ను పెట్టి ఎడమది మూసీ మూసీ అలా అయిపోయింది. రెండు కళ్లతో చూస్తున్నా ఒకటి కాస్త సందేహంగా ఉన్నట్టుంటుంది.

"జర చాయ్ తాగు" అన్నాడు. "మతికొస్తె చెప్త."

మతికి లేకపోవడం కాదు, చెప్పడం ఇష్టం లేదు. అబద్ధమాడే అలవాటు లేనివాళ్లు ఆడితే ఇట్టే తెలిసిపోతుంది. నేనూ మొండిదాన్నే. ఆ కళ్లు ఎవరివో తెలుసుకోకుండా వదలకూడదనుకున్నాను. అలా మొదలైంది మా రాకపోకల వ్యవహారం. నెలకో, రెణ్నెల్లకో ఏదో ఒక సాకు పెట్టుకుని గద్వాల వెళ్లేదాన్ని. వెళ్లగానే "ఎవరి కండ్లు సారూ?" అనేదాన్ని. ఆయన లోపలికి చూసి, "చాయ్ పెట్టుండ్రి, వనపర్తి బిడ్డ వచ్చింది" అని కేకేసేవాడు. ఆ చాయ్‌లు తాగీ తాగీ నేను ఆయన పని చూడటం మొదలుపెట్టాను.

ఆ నల్ల అట్టముక్కలు ఎప్పుడూ ఆయన చొక్కా జేబులోనే ఉండేవి. ఎవరైనా ఫోన్లో ఫోటో చూపిస్తే ఫోను మీద పెట్టేవాడు. పేపర్లో ఫోటో వస్తే పేపరు మీద పెట్టేవాడు. ఒకసారి అన్నం తింటూ కంచం మీద పెట్టి, "చూడు, గిట్ల కోస్తె ఉత్త అన్నం. జర అటు జరిపితె మామిడికాయ పప్పు. ఇంగ జర జరిపితె కంచం సొట్ట. వీటిల ఏది నిజమో చెప్పు" అన్నాడు. మగ్గం దగ్గర నుంచి ఆయన భార్య, "అన్నం సల్లారుతుంది, అది నిజం, తిను" అని అరిచింది. ఆయన నవ్వాడు. నవ్వితే కళ్లు రెండూ మూసుకుపోయేవి.

గుంపు ఫోటో తెచ్చి ఒక్కరినే విడదీయమని అడిగేవాళ్లు చాలామంది వచ్చేవాళ్లు. చచ్చిపోయినవాళ్లకు విడి ఫోటో ఉండదు కదా, పెళ్లి ఫోటోల్లోంచే తీయాలి. మిగతా షాపులవాళ్లం "ఎవరు కావాలి?" అని అడుగుతాం. ఆయన మాత్రం, "పోతున్నోళ్లు ఎవరు? వాళ్ల పేర్లు చెప్పు" అనేవాడు. తీసేసే ప్రతివాళ్ల పేరూ చెప్పించుకుని, కొత్త ఫోటో వెనక పెన్సిల్‌తో రాసేవాడు. కుడి పక్క మేనత్త ఉండె, కోసిన. కింద పిల్లలు ఇద్దరు ఉండె, కోసిన. పెన్నుతో రాస్తే సిరా ఇటువైపుకు దిగుతుందని పెన్సిలే వాడేవాడు. విసుక్కున్నవాళ్లు విసుక్కునేవాళ్లు. రాయకుండా ఒక్క ఫోటో కూడా గడప దాటనిచ్చేవాడు కాదు.

పెళ్లిచూపులకు ఫోటో తెచ్చి, "పిల్లను జర తెల్లగ చెయ్యుండ్రి సారూ" అంటే ఒప్పుకునేవాడు కాదు. "ఎలుతురు పెంచుత, రంగు మార్చను. పిల్లగాడు రేపొచ్చి పిల్లను చూస్తడు గానీ నా ఫోటోను చూడడు కదా" అనేవాడు. వాళ్లు అటు నుంచి అటే ఇంకో షాపుకు వెళ్లేవాళ్లు. కొందరు వనపర్తిలో మా షాపుకు కూడా వచ్చేవాళ్లు. నేను సున్నం కొట్టినట్టు తెల్లగా చేసి పంపేదాన్ని. ఆయన ముందు ఆ మాట చెప్పడానికి కొంచెం సిగ్గేసేది, అయినా చెప్పేదాన్ని.

"కోస్త గానీ చెరపను" అన్నది ఆయన మాట. రోజుకు నాలుగుసార్లైనా అనేవాడు. నాకు ఒళ్లు మండేది.

"కోసినా తీసేసినట్టే, చెరిపినా తీసేసినట్టే. ఏంది సారూ తేడా?"

ఆయన నన్ను మగ్గం గదిలోకి తీసుకెళ్లాడు. మగ్గం మీద సగం నేసిన చీర ఉంది. ఒళ్లంతా నూలు, అంచు పట్టు. ఆ రెండూ కలిసే చోట నా వేలు పెట్టించాడు. సన్నటి గీతలా చేతికి తగిలింది. "రెండు వేరే వేరే అని ఇది దాస్తలేదు. అతుకు ఈడ ఉన్నదని చెప్తుంది. ఫోటో కోసిననుకో, దానికొక అంచు ఉంటది. అంచు చూసినోనికి అవతల ఇంకేదో ఉన్నదని తెలుస్తది. అడగొచ్చు. చెరిపితే అడగనీకి ఏమున్నది? అవతలోడు ఉన్నడన్న సంగతే పోతది" అన్నాడు. తరువాత నా వైపు చూడకుండా, "నేను ఒక్కసారి ఆ పని చేసిన. మళ్ల చెయ్యలే" అన్నాడు. ఎప్పుడు చేశాడో, ఎవరికి చేశాడో మా ఇద్దరికీ తెలుసు. ఆ రోజు నేను ఇంకేమీ అడగలేదు.

ఆ కళ్లు ఎవరివో చివరికి అయిజ రైతు సంగతితో బయటపడింది. ఆ రైతు వాళ్ల నాయన ఫోటో పట్టుకుని ముందు ఆయన దగ్గరికే వెళ్లాడు. అందులో ముసలాయన పక్కన చిన్నకొడుకు నిలబడి, వెనక నుంచి భుజం మీద చెయ్యి వేసి ఉన్నాడు. పొలం గట్టు తగాదాలో అన్నదమ్ములకు మాటల్లేవు. తమ్ముణ్ని తీసేయమన్నాడు అన్న. సారు పేరు అడిగాడు, వెనక రాశాడు, కోశాడు. ముసలాయన భుజం మీద నాలుగు వేళ్లు మిగిలాయి. వేళ్లు కూడా తీసేయమని రైతు పట్టుబట్టాడు.

"మీ నాయిన భుజం మీద ఆ చెయ్యి పడ్డది. మీ నాయిన దులపలే. నేనెట్ల దులుపుత?" అన్నాడట సారు.

రైతు ఆ ఫోటో విసురుగా తీసుకుని మా షాపుకొచ్చాడు. సారు ఏమన్నాడో చెబుతూ తెగ తిట్టాడు. నాకు సారు మీద ఉన్న కచ్చంతా చేతుల్లోకి వచ్చింది. రెండు నిమిషాల్లో వేళ్లు మాయం చేశాను. కుడి భుజాన్ని తిప్పి ఎడమ భుజం మీద అతికించాను, అంతే. రైతు సంబరపడి తీసుకెళ్లాడు. నాలుగు రోజులకు మళ్లీ వచ్చాడు, ముఖం వేలాడేసుకుని. "మా అమ్మ ఏడుస్తుంది మేడం. జేబేదంటుంది" అన్నాడు. చూస్తే ఏముంది! చొక్కా జేబు ఎడమ పక్కనే కదా ఉంటుంది. కుడి పక్కది తెచ్చి అంటించేసరికి జేబు పోయింది. ఆ జేబులో ముసలాయన కళ్లజోడు డబ్బా ఉండేదట. అది లేకుండా ఆయన చేనుకు కూడా వెళ్లేవాడు కాదట. భుజం మీద వేళ్లు పోయిన సంగతి ఆమె ఎత్తలేదు. నా మొగుణ్ని తెమ్మంటె ఎవడో తెల్వని ముసలోణ్ని తెచ్చినవ్ అందట కొడుకుతో.

ఈ ముచ్చట నవ్వుతూ చెబుదామని గద్వాల వెళ్లాను. ఆయన నవ్వలేదు. "పాత ఫోటో ఉన్నదా, పారేసినవా?" అన్నాడు. ఉంది అన్నాను. "వేళ్లతోని ఉన్నది ఆమెకియ్యి. నాలుగు వేళ్లకోసం మనిషినే మార్చినవ్ కదా బిడ్డా" అన్నాడు.

నేను ఊరుకునేదాన్నా? ఇన్నేళ్లుగా ఉగ్గబట్టుకున్నదంతా ఒక్కసారి బయటికొచ్చింది. "నాలుగు వేళ్లు తీసిన నాకు నీతులు చెబుతున్నారా? మీరు మా అమ్మకు ఎవరి కళ్లో పెట్టారు. ఎవరివో చెప్పడానికి కూడా మీకు ధైర్యం లేదు. నేను ముప్పై ఏళ్లు ఎవరికి మొక్కాను సారూ?" అని అరిచాను. వెనక గదిలో మగ్గం చప్పుడు ఆగిపోయింది.

ఆయన ఈసారి చాయ్ మాట ఎత్తలేదు.

"మీ అమ్మను నేను బతికుండంగ చూడలే. కండ్లు ఎట్ల ఉండెనో నాకు తెల్వదు. నేను గియ్యనన్న. మీ అమ్మమ్మ వినలే. రేపు పిల్ల అమ్మ ఏదంటే కండ్లు మూసుకున్న శవాన్ని చూపియ్యమంటవా అన్నది. తెల్లారి నాగర్‌కర్నూల్ వచ్చింది, సంకల పిల్ల. నిన్ను స్టూల్ మీద కూసబెట్టి, ఇగో, వీటిని చూసి గియ్యి, తల్లివే ఇవి అన్నది. నువ్వేమో ఒకటే ఏడుపు. పొద్దుగాల సంది మధ్యాన్నం దాంక ఏడ్చినవ్. ఏడ్చి ఏడ్చి ఆగి, ఒక్కపారి నా దిక్కు సూటిగ చూసినవ్. గది గీసిన."

నా చెయ్యి నా కళ్ల మీదికే పోయింది.

"నీ కండ్లే బిడ్డా అవి" అన్నాడు.

తరువాత ఇంకో సంగతి చెప్పాడు. "నాలుగైదేండ్లకు మీ ఊరికి పెండ్లికొచ్చిన. మీ ఇంటి ముంగట కెమెరా సంచి దించి మంచినీళ్లు అడిగిన. నువ్వు నా చెయ్యి పట్టుకుని లోపలికి గుంజకపొయ్యి, మా అమ్మ, నన్నే చూస్తుంది అని చూపిచ్చినవ్. ఆడున్న ఆడోళ్లంతా అచ్చం తల్లి కండ్లే అన్నరు. నీళ్లు తాగకుండ బయటపడ్డ. గా దినమే ఒట్టేసుకున్న, ఇంగ ఎవ్వరి కండ్లు గియ్యనని."

బస్సులో వనపర్తి దాకా ఏడుస్తూనే వచ్చాను, సిగ్గు లేకుండా. ఇంటికొచ్చి చేతి అద్దం పట్టుకుని ఫోటో పక్కన నిలబడ్డాను. అవే కళ్లు. ఇన్నేళ్లూ నాలోకి నేనే చూసుకుంటూ మార్కులు చెప్పుకున్నానన్నమాట. కోపం రావాలి కదా, రాలేదు. అమ్మమ్మ అన్నది నిజమే అయి ఉంటే? నా కళ్లు నిజంగా అమ్మవే అయి ఉంటే, ఆయన గీసింది సరిగ్గా అమ్మ కళ్లే కదా? ఇప్పటికీ నాకు తేలలేదు. కళ్లు మూసుకున్న అసలు ఫోటో ఇన్నాళ్లూ ఆయన దగ్గర భద్రంగా ఉందట. తరువాతి సారి వెళ్లినప్పుడు అడగకుండానే చేతిలో పెట్టాడు. అది బీరువాలో దాచుకున్నాను. గోడ మీద మాత్రం పాతదే ఉంది. అయిజ రైతుకు వేళ్లున్న ఫోటో మళ్లీ అచ్చు వేసి ఇచ్చాను. అప్పటి నుంచి మా షాపులో ప్రింటు వెనక నేనూ పెన్సిల్‌తో రాస్తున్నాను. మా ఆయన నన్ను చూసి గద్వాల గాలి సోకిందంటాడు.

ఇదంతా సారు బిడ్డకు చెప్పేసరికి రెండు చాయ్‌లయ్యాయి. తనకు ఇందులో ఒక్క ముక్కా తెలియదు. ఇంట్లో ఆ మాట ఎన్నడూ ఎత్తలేదట ఆయన.

"గందుకే చెల్లె, మీ నాయిన కళ్లు తెరిపించడానికి నాకు చెయ్యి రావట్లేదు."

ఆ పిల్ల కొంగుతో ముఖం తుడుచుకుంది. తుడుచుకుని, నాయనలాగే సూటిగా అడిగింది. "మరి నీకు గా ఫోటో లేకుంటే ఎట్ల పెరుగుతుంటివక్కా? నిన్ను చూసే కండ్లు నీకిచ్చిండు కదా నాయిన. నాకెందుకు వద్దంటవ్? ఆయన జన్మంత ఊరోళ్లందర్ని చూసిండు. పెండ్లి ఉన్నదని పోయెటోడు, చావు ఉన్నదని పోయెటోడు. నా పుట్టినరోజుకు ఒక్కనాడన్న ఇంట్ల లేడు. గోడ మీదన్న నన్ను జర చూడనీ."

నిజం చెప్పాలంటే ఆ నిమిషంలో తెరిపించేద్దామనే అనుకున్నాను. ఆయన కళ్లు నాకు బాగా తెలుసు, ఆ ఫోను కన్నా బాగా చేయగలను. ముందు తను చేసి తెచ్చింది కంప్యూటర్లో పెట్టి పెద్దది చేశాను. రెండు పెద్ద పెద్ద కళ్లు, సినిమా పోస్టర్లోలా మెరుస్తున్నాయి. ఆ పిల్ల తెర దగ్గరికి జరిగింది.

"నాయిన ఎడమ కన్ను గిట్ల ఉండదు కదా" అంది.

"ఉండదు."

"జర చిన్నగ చేస్తవా?"

చేశాను. ఇంకొంచెం అంది, ఇంకొంచెం చేశాను. రెప్ప దించాను, మెరుపు తీసేశాను. ఎంత చేసినా ఆమె తల అడ్డంగానే ఊపుతోంది. "నాయిన లెక్కనే ఉన్నడు గానీ నాయిన కాదు. ఎవరో నన్ను చూస్తున్నట్టున్నది" అంది. ఆ మాటతో కళ్లు తెరిపించాలన్న ఆమె పట్టు సగం సడలింది. "అట్లయితే కండ్లు మూసిందే పెట్టాల్నా? వచ్చినోళ్లంత శవం ఫోటో పెట్టిండ్రు అంటరక్కా."

ఆ మాటా నిజమే. ముఖం వరకే దగ్గరగా కోసి చూస్తే అచ్చం శవంలాగే ఉంది. దండ వేస్తే చెప్పనే అక్కర్లేదు. ఏం చేయాలో తోచక ఆమె తెచ్చిన కవరు తెరిచాను. అందులో ఆధార్ కార్డు నకలు, కళ్లజోడు, ఆ రెండు నల్ల అట్టముక్కలు ఉన్నాయి. చొక్కా జేబులో దొరికాయట. అంచులు అరిగి గుండ్రంగా అయ్యాయి. కళ్లు తెరవని అసలు ఫోటోను తెర మీదకు తెచ్చి, వాటిని ఎదురెదురుగా పెట్టాను. ముందు ముఖం చుట్టూ పెట్టాను. తరువాత మెల్లగా వెడల్పు చేసుకుంటూ పోయాను.

మెడ కనిపించింది. మెడలో కెమెరా కనిపించింది. వెనక్కి వాలిన తల, ఎగిరిన భుజాలు, పొట్ట మీద పెట్టుకున్న చెయ్యి కనిపించాయి. కళ్లు మూసుకున్న ముఖం ఉన్నట్టుండి పగలబడి నవ్వే మనిషి ముఖం అయిపోయింది. నేను ఏ ముక్కా మార్చలేదు. ఇంకొంచెం జరిపేసరికి భుజం మీద ఒక చెయ్యి వచ్చింది. ఆడమనిషి చెయ్యి, నాలుగు ఆకుపచ్చ గాజులున్నాయి.

"ఆగక్కా. ఆడ్నే ఆగు" అంది ఆ పిల్ల. ఆమె చేతికి ఇప్పుడు కూడా అవే గాజులున్నాయి.

"ఇది నువ్వేనా?"

"నేనే. కెమెరా మూత తియ్యకుండ పెండ్లిపిల్లను నాలుగు ఫోటోలు తీసిండక్కా. నలభై ఏండ్ల అనుభవమంటవ్, మూత తియ్యనీకి రాదా అన్న. గంతే, ఇగ ఆగలే నవ్వు." చెబుతూ తనూ నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. "నా మాటకే నవ్విండు. ఆయన ముఖమే చూసుకుంట, నేను పక్కన ఉన్ననన్న సంగతే మర్చిపోయిన చూడు."

ఒక చిక్కుంది. బతికున్నవాళ్లను చనిపోయినవాళ్లతో కలిపి దండ వేసే ఫోటోలో పెట్టకూడదు. అది మా దగ్గర అందరూ పాటించేదే. అందుకని అట్టముక్కను ఆమె మణికట్టు దగ్గర ఆపాను. మనిషి బయట, చెయ్యి లోపల. "చెయ్యి కూడా కీడంటారేమో మీ మేనత్తలు?" అన్నాను.

"అంటె అననీ. చెరపకు" అంది.

అలాగే కోశాను. వెలుతురు కొంచెం పెంచాను, రంగు ముట్టుకోలేదు. ఫ్లెక్సీ ఎట్లాగూ పదకొండో రోజు సాయంత్రానికి విప్పేస్తారు, దానికి వెనకవైపు ఉండదు. గోడకు పెట్టే ఫోటో మాత్రం మంచి కాగితం మీద తీసి, ఆరాక బోర్లించాను. పోతున్నవాళ్ల పేరు అడగాల్సిన పని లేదు, ఎదురుగానే కూర్చుని ఉంది. అయినా ఆయన పద్ధతి ప్రకారం అడిగాను. చెప్పింది. రాశాను. దాని కింద ఇంకో రెండు ముక్కలు రాసి, ఫ్రేము బిగించకముందు ఆమె చేతికిచ్చాను. అక్షరాల మీద వేలు పెట్టుకుంటూ చదివింది.

"ఎడమ పక్క బిడ్డ ఉండె, కోసిన. చెయ్యి ఉంచిన. కండ్లు ఆయనవే."